లింక్డ్ డేటా గ్రాఫ్‌ను సరిచూడటం, బొమ్మగా గీయడం: ఏ పని ముందు, ఏ టూల్‌తో

‘మా గ్రాఫ్‌ను బొమ్మగా చూడాలంటే ఏ టూల్ వాడాలి?’ లింక్డ్ డేటాతో, అంటే వెబ్ చిరునామాల ద్వారా ఒకదానికొకటి కలిపిన సమాచారంతో, పని మొదలుపెట్టినవారు పదేపదే అడిగే ప్రశ్న ఇది. జవాబుగా ఒక పేరు చెప్పి ఊరుకోవచ్చు గానీ, ఫైల్ మొత్తాన్ని ఆ టూల్‌లో పోసి చూసినవారికి చిక్కుపడిన నూలు ఉండ తప్ప మరేమీ కనబడదు. పైగా ఉండవలసిన లింకు లేకపోవడమే అసలు తప్పయినప్పుడు, లేని గీతను బొమ్మ చూపించలేదు. అందుకే ఈ మార్గదర్శిలో గీయడం ఆరో అడుగులో గానీ రాదు.

ట్రిపుల్ (సబ్జెక్ట్, ప్రెడికేట్, ఆబ్జెక్ట్ అనే మూడు భాగాల వాక్యం), ఐఆర్‌ఐ (ఒక వస్తువును గుర్తించే వెబ్ చిరునామా), లిటరల్ (లింకు కాని ఉత్త విలువ) అనే మాటలు మీకు తెలుసుననీ, టెర్మినల్‌లో ఒక కమాండ్ నడపగలరనీ అనుకొని రాస్తున్నాను. ఉదాహరణలన్నీ ఒక చిన్న పుస్తకాల సూచిక నుంచి తీసుకున్నాను.

1. సిద్ధం చేసుకోవలసినవి

ముందుగా డేటాకు ఒక నకలు తీసి పక్కన పెట్టండి. తర్వాత, గ్రాఫ్ జవాబు చెప్పవలసిన మూడు నాలుగు ప్రశ్నలను మామూలు వాక్యాలుగా కాగితం మీద రాసుకోండి. ‘ప్రతి పుస్తకానికీ కనీసం ఒక రచయిత ఉన్నారా?’, ‘ఒకే వ్యక్తి రెండు నోడ్‌లుగా (గ్రాఫ్‌లో రెండు బిందువులుగా) విడిపోయారా?’ వంటివి చాలు. ఈ వాక్యాలే తర్వాత షేప్‌లుగానూ (డేటా పాటించవలసిన నియమాలు) క్వెరీలుగానూ మారతాయి కాబట్టి, ఈ పని దాటవేసినవారు చివరికి టూల్ అడిగినదానికి జవాబులిస్తూ కూర్చుంటారు.

మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి:

☐ అసలు ఫైల్‌కు నకలు
☐ రెండు మూడు వందల ట్రిపుల్స్‌తో ఒక నమూనా ఫైల్
☐ మీ సొంత ఐఆర్‌ఐలు ఏ అక్షరాలతో మొదలవుతాయో, బయటివి ఏ సైట్లవో ఒక జాబితా
☐ అపాచీ జేనా, ట్రిపుల్స్‌ను చదివి పరీక్షించే టూల్స్ కట్ట (ఇది నడవడానికి జావా కావాలి)
☐ పైథాన్, దానితోపాటు ఆర్‌డీఎఫ్‌లిబ్ (ట్రిపుల్స్‌తో పనిచేసే లైబ్రరీ), పైషాకల్ (షేప్‌లను నడిపేది)
☐ బొమ్మ గీయడానికి గ్రాఫ్‌విజ్, గ్రాఫ్ పెద్దదైతే గెఫీ

నమూనా ఫైల్‌ను మొదటి మూడు వందల వరుసలు కత్తిరించి తయారుచేయకండి. ఒక పుస్తకాన్ని ఎంచుకొని, దానికి అంటుకున్నవన్నీ, వాటికి అంటుకున్నవన్నీ తీసుకోండి. వరుసలు కత్తిరిస్తే లింకులు మధ్యలో తెగిపోయి, లేని తప్పులు కనబడతాయి.

2. వ్యాకరణం సరిచూడటం

జేనాతో వచ్చే రయట్ అనే కమాండ్‌ను వ్యాలిడేట్ ఆప్షన్‌తో మీ టర్టల్ (ట్రిపుల్స్‌ను వరుసలుగా రాసే ఫార్మాట్) ఫైల్ మీద నడపండి. చుక్క మరచిపోవడం, ప్రిఫిక్స్ (ఐఆర్‌ఐ మొదటి భాగానికి పెట్టుకునే పొట్టిపేరు) ప్రకటించకపోవడం వంటివి ఎర్రర్‌గా వచ్చి పని ఆగిపోతుంది. వాటిని సరిదిద్దక తప్పదు కాబట్టి ఎవరూ వదలరు. వదిలేసేది వార్నింగ్‌లనే. ఫిబ్రవరి 30 అని తేదీ రాసినా, ఐఆర్‌ఐలో ఖాళీ జాగా ఉన్నా ఇక్కడే బయటపడుతుంది. ఫిబ్రవరి 30 వంటి తేదీలకు వార్నింగ్ మాత్రమే ఇచ్చి ఫైల్ చదవడం ముందుకు సాగుతుంది గనుక, అవి సున్నా అయ్యేదాకా మూడో అడుగు వేయకండి.

మీ డేటా జేసన్-ఎల్‌డీలో (జేసన్ రూపంలో రాసే లింక్డ్ డేటా) ఉంటే ఇంకొక జాగ్రత్త కావాలి. ఏ కీ ఏ ఐఆర్‌ఐయో చెప్పే కాంటెక్స్ట్‌లో నిర్వచించని కీ ఏదైనా ఉంటే, ప్రాసెసర్ దాన్ని ఏ హెచ్చరికా లేకుండా వదిలేస్తుంది. ఫైల్‌లో కంటికి కనిపించే సమాచారం గ్రాఫ్‌లోకి రానే రాదు. జేసన్-ఎల్‌డీ ప్లేగ్రౌండ్‌లో ఫైల్‌ను అతికించి, విస్తరించిన రూపం చూపే ట్యాబ్ తెరిచి, మీరు రాసిన ప్రతి కీ అక్కడ ఉన్నదో లేదో ఒక్కొక్కటిగా టిక్కు పెట్టుకోండి. విసుగు పుట్టించే పనే గానీ, నా లెక్కలో ఇంతకంటే లాభసాటి పావుగంట లేదు.

ఇప్పుడు ఈ మూడు వరుసలు నిదానంగా చూడండి. టర్టల్ ప్రిఫిక్స్‌లలోనూ పేర్లలోనూ తెలుగు అక్షరాలను అనుమతిస్తుంది కాబట్టి ఇలా రాయవచ్చు:

గ్రంథం:101 పదం:రచయిత వ్యక్తి:7 .
గ్రంథం:102 పదం:రచయిత "వ్యక్తి:7" .
గ్రంథం:102 పదం:సంవత్సరం "1998" .

ప్రిఫిక్స్‌లను పైన ప్రకటించి ఉంటే మూడూ వ్యాకరణ రీత్యా సరైనవే, రయట్ దేనికీ అభ్యంతరం చెప్పదు. కానీ రెండో వరుసలో కోట్స్ పడటంతో అది లింకు కాకుండా ఉత్త అక్షరాల వరుసగా మిగిలింది. 102వ పుస్తకం నుంచి వ్యక్తి దగ్గరకు దారి లేదు. స్ప్రెడ్‌షీట్ నుంచి మార్చిన డేటాలోనూ, కాంటెక్స్ట్‌లో ఆ కీ విలువ ఐఆర్‌ఐ అని చెప్పని జేసన్-ఎల్‌డీలోనూ నేను అన్నిటికంటే ఎక్కువగా చూసే తప్పు ఇది. దీన్ని పట్టేది నాలుగో అడుగు.

3. లెక్కలు తీయడం

షేప్ ఒక్కటీ రాయకముందే స్పార్కల్‌లో, అంటే గ్రాఫ్‌ను ప్రశ్నించే భాషలో, మూడు చిన్న క్వెరీలు నడపండి. జేనాలోని ఏఆర్‌క్యూ కమాండ్ ఫైల్ మీద నేరుగా నడుస్తుంది, సర్వర్ అవసరం లేదు.

మొదటిది, ప్రతి ప్రెడికేట్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్క. రెండోది, ప్రతి క్లాస్‌కు (పుస్తకం, వ్యక్తి వంటి రకానికి) ఎన్ని నోడ్‌లున్నాయో లెక్క. మూడోది, మీ సొంత ఐఆర్‌ఐ అయి ఉండి, ఆబ్జెక్ట్‌గా మాత్రమే కనిపిస్తూ, ఎక్కడా సబ్జెక్ట్‌గా రాని నోడ్‌ల జాబితా. ఈ మూడోదాన్ని నేను వేలాడే లింకులు అంటాను. పుస్తకం వ్యక్తి:70 వైపు చూపిస్తుంది, ఆ వ్యక్తి గురించి ఒక్క వాక్యమూ ఉండదు. చాలాసార్లు అది టైప్ చేయడంలో దొర్లిన సున్నా.

ప్రెడికేట్ల జాబితాను తక్కువసార్లు వచ్చినవాటి వైపు నుంచి చదవండి. 4,000 సార్లు వచ్చినదాంట్లో తప్పుండే అవకాశం తక్కువ. మూడుసార్లు వచ్చినది దాదాపు ఎప్పుడూ అక్షరదోషమే. స్కీమా డాట్ ఆర్గ్ (వెబ్ పేజీల కోసం ఉన్న ఉమ్మడి పదజాలం) పదాలు వాడేవారు అదే పదం హెచ్‌టీటీపీతో ఒకసారి, హెచ్‌టీటీపీఎస్‌తో ఒకసారి కనబడుతున్నదేమో చూడండి. మనుషులకు అవి ఒకటే, గ్రాఫ్‌కు మాత్రం వేర్వేరు ప్రెడికేట్లు.

తెలుగు లిపిలో లేబుళ్లు గానీ ఐఆర్‌ఐలు గానీ ఉన్నవారికి ఇక్కడ మరో గొయ్యి ఉంది. ట్రిపుల్స్‌కు ఆధారమైన ఆర్‌డీఎఫ్ ప్రమాణంలో పోలిక అక్షరం వెంట అక్షరంగా జరుగుతుంది. పొల్లు తర్వాత కనబడకుండా కూర్చునే జీరో విడ్త్ నాన్-జాయినర్ ఒకచోట ఉండి మరోచోట లేకపోతే, కంటికి ఇంచుమించు ఒకేలా ఉన్న రెండు పేర్లు రెండు నోడ్‌లవుతాయి. ఐత్వాన్ని కూడా యూనికోడ్‌లో రెండు విధాలుగా నమోదు చేయవచ్చు: ఒకే కోడ్‌గా ఒకటి, ఎత్వానికి కింది గుర్తు చేర్చి మరొకటి. తెర మీద తేడా తెలియదు. కాబట్టి డేటాను ట్రిపుల్స్‌గా మార్చేటప్పుడే ఎన్‌ఎఫ్‌సీ (ఇలాంటి జంటలను ఒకే కోడ్‌గా కలిపే యూనికోడ్ రూపం) రూపంలోకి తెచ్చుకోండి. నాన్-జాయినర్ విషయంలో ఎన్‌ఎఫ్‌సీ సహాయం చేయదు. ఉంచాలో తీసివేయాలో మీరే ఒక నియమం పెట్టుకొని అంతటా పాటించాలి. ఐఆర్‌ఐలలో తీసివేయడం, లేబుళ్లలో ఉంచడం నా పద్ధతి.

4. షేప్‌లు రాయడం

డేటా ఎలా ఉండాలో చెప్పే నియమాలను షేప్‌లు అంటారు. వీటికి రెండు భాషలున్నాయి: వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2017లో ప్రమాణంగా విడుదల చేసిన షాకల్, వికీడేటా తన ఎంటిటీ స్కీమాలకు వాడే షెక్స్. కొత్తగా మొదలుపెట్టేవారికి షాకల్ చెబుతాను. షేప్‌లు కూడా టర్టల్‌లోనే రాస్తారు కాబట్టి వేరే వ్యాకరణం నేర్చుకోనక్కరలేదు, నడపడానికి పైషాకల్, జేనా రెండూ సిద్ధంగా ఉన్నాయి.

ముందు ఒక అపోహ తొలగించాలి. ఓంటాలజీలో (క్లాస్‌లనూ ప్రెడికేట్లనూ నిర్వచించే చోట) ‘రచయిత అనే ప్రెడికేట్ రేంజ్ వ్యక్తి’ అని, అంటే దాని విలువ వ్యక్తి అని, రాసినంత మాత్రాన, రచయిత స్థానంలో ఊరు వచ్చి పడితే ఎవరూ తప్పు పట్టరు. రీజనర్ (ఉన్న ట్రిపుల్స్ నుంచి కొత్తవి రాబట్టే ప్రోగ్రామ్) ఆ ఊరు కూడా వ్యక్తే అని తీర్మానించి ముందుకు పోతుంది. డొమైన్, రేంజ్‌లు కొత్త సంగతులు రాబట్టడానికే పనికొస్తాయి, కాపలా కాయవు. కాపలాకు షేప్ కావాలి.

వరుసగా ఇలా చేయండి.

మొదట, ఒకే క్లాస్‌కు ఒకే నోడ్ షేప్ రాయండి. టార్గెట్‌క్లాస్‌గా (ఆ షేప్ పరీక్షించవలసిన క్లాస్‌గా) ‘పుస్తకం’ ఇవ్వండి.

తర్వాత ఒకే ప్రాపర్టీ చేర్చండి: రచయితకు మిన్‌కౌంట్ 1 (కనీసం ఒకటి ఉండాలి), నోడ్‌కైండ్ ఐఆర్‌ఐ (విలువ ఐఆర్‌ఐయే కావాలి). పైన చూసిన రెండో వరుస ఈ నోడ్‌కైండ్ నియమం దగ్గర దొరికిపోతుంది.

ఇప్పుడే ఒకసారి నడపండి. పది షేప్‌లు రాసి ఒకేసారి నడిపితే వచ్చే వేల వరుసల రిపోర్ట్‌ను ఎవరూ చదవరు.

ఆ తర్వాత డేటాటైప్ (విలువ రకం), క్లాస్, పాటర్న్ (అక్షరాల అమరిక), యునీక్‌లాంగ్ (ఒక్కో భాషకు ఒకే విలువ) వంటి నియమాలను ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ, ప్రతిసారీ నడుపుతూ పోండి. ప్రతి నియమానికీ మెసేజ్ రాయండి. మీరు లేనప్పుడు రిపోర్ట్ చదివేవారికి ‘మిన్‌కౌంట్ కన్‌స్ట్రెయింట్ కాంపొనెంట్’ కంటే ‘పుస్తకానికి రచయిత లేరు’ అన్న వాక్యం ఎక్కువ ఉపయోగపడుతుంది.

తరచుగా ఎదురయ్యే చిక్కులు ఇవి.

టార్గెట్ ఏ నోడ్‌కూ తగలకపోవడం: టార్గెట్‌క్లాస్ ఐఆర్‌ఐలో ఒక్క అక్షరం తేడా ఉన్నా షేప్‌కు పరీక్షించడానికి ఏదీ దొరకదు, ఫలితంగా ‘అంతా సవ్యం’ అని వస్తుంది. ఇంత ప్రమాదకరమైన పచ్చజెండా మరొకటి లేదు. ప్రతి షేప్‌కూ కావాలని చెడగొట్టిన ఒక పుస్తకాన్ని వేరే ఫైల్‌లో ఉంచుకొని, దాని మీద షేప్ తప్పు చూపిస్తేనే ఆ షేప్‌ను నమ్మండి.

భాషా ట్యాగ్ ఉన్న లేబుల్‌ను స్ట్రింగ్ అని అడగడం: తెలుగు అని ట్యాగ్ పెట్టిన లేబుల్ డేటాటైప్ స్ట్రింగ్ కాదు, లాంగ్‌స్ట్రింగ్. డేటాటైప్ మార్చండి, ఏ భాషలు అనుమతించాలో లాంగ్వేజ్‌ఇన్‌తో చెప్పండి.

క్లాస్ నియమం అనవసరంగా విఫలం కావడం: రచయిత ‘వ్యక్తి’ అని చెప్పే ట్రిపుల్ వేరే ఫైల్‌లో ఉంటే ఈ ఫైల్ ఒక్కదాన్నే పరీక్షించే టూల్‌కు అది తెలియదు. ‘కవి’ అనేది ‘వ్యక్తి’కి సబ్‌క్లాస్ అన్న సంగతి కూడా డేటాతో కలిసి అందాలి. పైషాకల్‌లో ఓంటాలజీ ఫైల్‌ను విడిగా ఇచ్చే ఆప్షన్ ఉంది, జేనాతో అయితే ముందుగా ఫైళ్లు కలిపి ఇవ్వండి.

క్లోజ్డ్ షేప్ ప్రతి నోడ్‌నూ తప్పు పట్టడం: క్లోజ్డ్ అంటే షేప్‌లో చెప్పని ప్రెడికేట్లన్నీ నిషేధమని; అలా రాసినప్పుడు నోడ్ క్లాస్‌ను చెప్పే టైప్ ప్రెడికేట్ కూడా నిషేధం కిందికే వస్తుంది. దాన్ని ఇగ్నోర్డ్‌ప్రాపర్టీస్ జాబితాలో చేర్చండి.

వెబ్ పేజీల్లో స్కీమా డాట్ ఆర్గ్ మార్కప్ పెట్టడం వరకే మీ పని అయితే షాకల్ దాకా పోనక్కరలేదు. స్కీమా మార్కప్ వ్యాలిడేటర్ సరిపోతుంది. గూగుల్ వారి రిచ్ రిజల్ట్స్ టెస్ట్ మాత్రం గూగుల్ వెతుకులాటలో ప్రత్యేకంగా చూపించే రకాలనే పరీక్షిస్తుంది గనుక, అక్కడ ఏమీ కనబడనంత మాత్రాన మార్కప్ తప్పని అనుకోవద్దు.

5. రిపోర్ట్ చదవడం, బయటి లింకులు పరీక్షించడం

షాకల్ రిపోర్ట్‌లో ప్రతి తప్పుకూ ఫోకస్ నోడ్ (తప్పు దొరికిన నోడ్), రిజల్ట్ పాత్ (ఏ ప్రెడికేట్ దగ్గర తప్పిందో), వర్తించేచోట విలువ, ఏ నియమం తప్పిందన్న వివరం ఉంటాయి. వాటిని పైనుంచి కిందికి చదవకండి. రిజల్ట్ పాత్‌నుబట్టి గుంపులు చేయండి. 900 తప్పులున్నట్టు భయపెట్టే రిపోర్ట్ చాలాసార్లు మూడే కారణాలకు కుదించుకుపోతుంది. తీవ్రతను వయొలేషన్, వార్నింగ్, ఇన్ఫో అని మూడుగా విభజించుకోవచ్చు గానీ, ఏ తీవ్రతతో ఒక్క ఫలితం వచ్చినా 2017 ప్రమాణం ప్రకారం కన్‌ఫార్మ్స్ విలువ ఫాల్స్ అవుతుంది. వార్నింగ్‌లను సహించమని పైషాకల్‌కు చెప్పాలంటే దానికో ఆప్షన్ ఉంది.

బయటి లింకుల పరీక్ష షేప్‌లకు అందదు. కర్ల్ కమాండ్‌తో, యాక్సెప్ట్ హెడర్‌లో టర్టల్ కావాలని అడుగుతూ, దారిమళ్లింపులను అనుసరించమని చెప్పి, ఒక్కొక్క ఐఆర్‌ఐనీ పిలిచి చూడండి. 404 వస్తే సంగతి స్పష్టమే. 200 వచ్చి, అందింది హెచ్‌టీఎంఎల్ పేజీ అయితే, మీరు వస్తువు ఐఆర్‌ఐకి బదులు దాన్ని వర్ణించే పేజీ చిరునామా రాసి ఉండవచ్చు. వికీడేటా విషయంలో ఇది మరీ ఎక్కువ: బ్రౌజర్ పైన కనిపించే చిరునామాలో ‘వికీ’ అన్న భాగం ఉంటుంది, లింకులో రాయవలసినది ‘ఎంటిటీ’ అన్న భాగంతో, హెచ్‌టీటీపీతో మొదలయ్యేది. పిలుపుల మధ్య విరామం ఇవ్వండి. అవతలి సర్వర్‌ను ఉక్కిరిబిక్కిరి చేస్తే మిమ్మల్ని ఆపివేస్తుంది, మంచి లింకులూ చెడ్డవిగా నమోదవుతాయి.

ఇక సేమ్‌యాజ్, అంటే రెండు ఐఆర్‌ఐలు ఒకే వస్తువువని చెప్పే ప్రెడికేట్. నేను పని చేసిన ఒక గ్రంథాలయ సూచికలో రచయితలను పేరు పోల్చి బయటి రికార్డులతో సేమ్‌యాజ్ పెట్టి కలిపాము. షేప్‌లన్నీ నెగ్గాయి. నెల గడిచాక, ఒక వ్యక్తి తాను పుట్టకముందే పుస్తకం ప్రచురించినట్టు తెర మీద కనబడింది. ఒకే పేరున్న ఇద్దరిని మేము ఒక్కరిని చేశాము. సేమ్‌యాజ్ రెండు వైపులా వర్తిస్తుంది, గొలుసుగా పాకుతుంది. ఒక్క తప్పు లింకు అవతలి గొలుసునంతటినీ లాక్కొస్తుంది. అప్పటి నుంచి ఒక క్వెరీ తప్పకుండా నడుపుతున్నాను: సేమ్‌యాజ్ వెంట ఎన్ని అడుగులైనా, ఎటువైపైనా పోయి, రెండు వేర్వేరు జనన సంవత్సరాలున్న జంటలను పట్టి ఇమ్మని. స్పార్కల్ ప్రాపర్టీ పాత్‌లో ప్రెడికేట్‌నూ దాని తలకిందుల రూపాన్నీ కలిపి, పక్కన ప్లస్ గుర్తు పెడితే చాలు. మనుషులెవరూ చూడని పోలికలకు సేమ్‌యాజ్ బదులు స్కాస్ (విషయ వర్గీకరణల కోసం ఉన్న పదజాలం)లోని క్లోజ్‌మ్యాచ్ (దగ్గరి పోలిక) గానీ, సీఆల్సో (ఇదీ చూడండి) గానీ వాడండి. క్లోజ్‌మ్యాచ్ గొలుసుగా పాకదు. అయితే అది స్కాస్ కాన్సెప్టుల కోసం ఉద్దేశించినది కాబట్టి వ్యక్తులకు సీఆల్సోయే మేలు.

6. బొమ్మ గీయడం

ఇప్పుడు గీయండి, ముందు వడకట్టి. టైప్ గీతలన్నీ తీసివేయండి. ‘పుస్తకం’ అనే ఒక్క నోడ్‌కు వేల గీతలు చేరి మిగతా ఆకారాన్నంతటినీ మింగేస్తుంది. లిటరల్స్ కూడా తీసివేసి, లేబుల్ ఒక్కదాన్ని నోడ్ మీద పేరుగా ఉంచండి. క్లాస్‌ను రంగుగా చూపండి. ఈ వడపోతకు స్పార్కల్ కన్‌స్ట్రక్ట్ క్వెరీయే తగిన సాధనం, దాని ఫలితమే చిన్న గ్రాఫ్.

పరిమాణాన్నిబట్టి టూల్ మారుతుంది.

ఒకటి రెండు వందల గీతల వరకు గ్రాఫ్‌విజ్ బాగుంటుంది. రాపర్ కమాండ్‌తోగానీ, ఆర్‌డీఎఫ్‌లిబ్‌తో వచ్చే ఆర్‌డీఎఫ్-టు-డాట్‌తోగానీ డాట్ ఫైల్ (గ్రాఫ్‌విజ్ చదివే రూపం) తీసి, ఎస్‌వీజీగా మార్చండి. పీఎన్‌జీ వద్దు, దగ్గరకు లాగి చూస్తే అక్షరాలు చెదిరిపోతాయి. పైనుంచి కిందికి వంశవృక్షంలా అమరే డేటాకు డాట్ అమరిక, అన్ని వైపులా అల్లుకునేదానికి నియాటో, మరీ పెద్దదానికి ఎస్‌ఎఫ్‌డీపీ.

వేల నోడ్‌లైతే గెఫీ గానీ సైటోస్కేప్ గానీ. రెండింటికీ ఆర్‌డీఎఫ్ కంటే నోడ్‌లకు ఒకటి, గీతలకు ఒకటి చొప్పున సీఎస్‌వీ పట్టికలు ఇవ్వడమే తేలిక. గెఫీలో ఫోర్స్‌అట్లాస్2 అమరిక నడిపి, స్టాటిస్టిక్స్‌లో కనెక్టెడ్ కాంపొనెంట్స్ (ఒకదానికొకటి అంటని గుంపులు) లెక్క తీయండి.

డేటా బదులు ఓంటాలజీని చూడాలంటే ప్రొటెజే, వెబ్‌వౌల్. ఒక నోడ్ నుంచి మొదలుపెట్టి నొక్కుతూ విస్తరించుకోవాలంటే గ్రాఫ్‌డీబీలోని విజువల్ గ్రాఫ్. వికీడేటా మీద అయితే దాని క్వెరీ సర్వీస్‌లోనే ఫలితాన్ని గ్రాఫ్‌గా చూసే వీలుంది.

బొమ్మలో దూరాలను నమ్మకండి. ఫోర్స్ అమరికలో రెండు నోడ్‌లు పక్కపక్కన పడినంత మాత్రాన వాటికి సంబంధం ఉన్నట్టు కాదు; మళ్లీ నడిపితే ఇంకోలా పడవచ్చు. నమ్మదగినవి గీతలు, గుంపులు, విడిపోయిన దీవులు. చూడవలసినవి ఇవి:

☐ ప్రధాన గుంపుకు అంటని చిన్న దీవులు (లింకు తెగి ఉండవచ్చు)
☐ ఊహించనంత ఎక్కువ గీతలున్న నోడ్ (‘తెలియదు’, ‘ఇతరులు’ వంటి విలువ నోడ్‌గా మారి ఉండవచ్చు)
☐ ఒకే లేబుల్‌తో రెండు నోడ్‌లు
☐ రెండు పెద్ద గుంపులను కలిపే ఒంటరి గీత (అది సేమ్‌యాజ్ అయితే ముందు దాన్నే అనుమానించండి)
☐ బాణం తలకిందులైన సంబంధాలు: పుస్తకానికి రచయిత, రచయితకు పుస్తకం

ఐదోదాన్ని పట్టడంలో బొమ్మకు సాటి లేదు. మిన్‌కౌంట్ గానీ, రెండు చివరలా క్లాస్ నియమం గానీ పెట్టి ఉంటే తప్ప షేప్ దాన్ని పట్టదు, ఒకే క్లాస్‌లోని గురుశిష్యుల వంటి సంబంధాల్లో అసలే పట్టదు. అక్కడ కంటిచూపే ఆధారం.

7. సరిదిద్దడం, మళ్లీ నడపడం

టర్టల్ ఫైల్‌ను చేత్తో దిద్దకండి. అది స్ప్రెడ్‌షీట్ నుంచో డేటాబేస్ నుంచో పుట్టిందైతే, రేపు మళ్లీ పుట్టినప్పుడు అదే తప్పుతో పుడుతుంది. మూలంలో గానీ, మార్చే స్క్రిప్ట్‌లో గానీ దిద్దండి. బొమ్మ చూసి కనిపెట్టిన ప్రతి తప్పుకూ ఒక షేప్ గానీ క్వెరీ గానీ రాసి ఫైల్‌లో చేర్చండి, రెండోసారి అదే తప్పును కళ్లతో వెతకనక్కరలేకుండా.

రయట్, లెక్కల క్వెరీలు, పైషాకల్ ఈ వరుసలో నడిచే చిన్న స్క్రిప్ట్ రాసుకోండి. డేటా నియమాలకు తగినట్టుంటే పైషాకల్ 0, లేకపోతే 1, తానే నడవలేకపోతే 2 అనే ఎగ్జిట్ కోడ్ ఇస్తుంది. స్క్రిప్ట్‌లో 1నీ 2నీ ఒకటిగా చూడకండి. 2 వచ్చినప్పుడు సాధారణంగా చెడిపోయింది మీ షేప్ ఫైలే. చెడగొట్టిన పుస్తకం ఉన్న ఫైల్‌ను కూడా ఇదే స్క్రిప్ట్‌తో నడిపించి, దానికి 1 రాకపోతే పని అక్కడే ఆగిపోయేలా పెట్టండి.